తినే వచ్చానండి

అన్ని కడుపుల నాకలై యలమునట్టి,
అన్ని చేతుల నన్నమై యందునట్టి
తల్లి! నీ బిడ్డ లుదయాన తరగతులను
కలిసి భుజియించు ముచ్చటఁ గనవె కరుణ.

ఆకలినీ అన్నాన్నీ ఒక్క చేతితోనే సృష్టించిన ఆ తల్లికి మొదట నమస్కరించి, ఒక బడిలో ప్రొద్దుటిపూట జరిగిన ముచ్చటను విన్నవిస్తున్నాను. వినవచ్చినవారు ఏదో కాస్త తినే వచ్చి ఉంటారని నా నమ్మకం. కాకుంటే వెళ్ళి తిని రండి. కథ ఎక్కడికీ పోదు.

నాలుగో తరగతి టీచరును పిల్లలు చాటుగా కొలబద్ద టీచరని పిలుచుకొనేవారు. ఆ కొలబద్దతో ఆమె ఎవరినీ కొట్టి ఎరుగదు, కొలిచేది, అంతే. బల్లకూ బల్లకూ నడుమ ఎడం, పుస్తకానికీ బల్ల అంచుకూ నడుమ ఎడం, ముందు కూర్చున్న పిల్ల జడకూ వెనుక కూర్చున్న పిల్లవాడి చేతికీ నడుమ ఎడం, అన్నింటినీ ఆ చెక్కముక్క సమ్మతించిన పిమ్మటనే పాఠం ప్రారంభమయ్యేది. నల్లబల్లపై ఆమె గీసిన గీతను చూసి, వంకర గోడలోనే ఉన్నదేమోనని సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ అనుమానపడ్డాడని బడిలో ఒక ప్రతీతి.

అటువంటి గదిలోనికి పాలు, అరటిపండ్లు, ఉడికించిన గుడ్లు, రొట్టెముక్కలు చక్రాల బండిపై ఊరేగివస్తాయన్న వార్తను పెద్ద మాస్టారు స్టాఫురూములో వెల్లడించినప్పుడు, ఆమె కలానికి మూత పెట్టబోతున్న చేయి పెట్టబోతున్నట్లే ఆగిపోయింది.

"గదిలోనా?"

"గదిలోనే టీచర్. మొదటి పీరియడు మొదట్లో. పిల్లలందరికీ."

"గేటు పక్క గదికేం వచ్చిందండి?"

"దానికేం రాలేదు. పిల్లలే రావడం లేదు. అక్కడికెళ్ళి తిన్నవాణ్ణి మిగతావాళ్ళు గేటు బ్యాచ్ అంటున్నారట. ఆ మాట పడలేక ఆకలితోనే కూర్చుంటున్నారు."

"అయితే నా గదిలో చీమలో?"

"మిగిలితే వాటికీ పెడదాం."

పెద్ద మాస్టారు మనస్సు మెత్తన. ఆ మెత్తదనం వల్ల ఆయనతో వాదించి గెలిచినవారు లేరు. దూదిమూటను గుద్దితే గుద్దినవాడి చేయే నొస్తుంది కదా.

ఆయన పక్కన ఆఫీసు నుంచి వచ్చిన పర్యవేక్షకుడు కూర్చుని ఉన్నాడు. చిన్న వయస్సు, పెద్ద కళ్ళద్దాలు. తాను స్వయంగా తయారుచేసిన నియమాన్ని లేచి నిలబడి వినిపించాడు.

"పిల్లలకి ఆత్మగౌరవం ఉంటుందండి. టీచర్లు గానీ వంటవాళ్ళు గానీ ఒక్కసారే అడగండి. వద్దంటే వద్దే. రెండోసారి అడిగితే అది బలవంతం కిందికొస్తుంది. వారమంతా చూస్తాం. వారం చివర నేనే వస్తాను. బండి పంపింది పంపినట్టే తిరిగొస్తుంటే, మళ్ళీ గేటు గదికే మార్చేస్తాం."

కొలబద్ద టీచరుకు ఆ మాట చెవికింపుగా తోచింది. మెలిక లేని రూలు. అంచు పట్టి గీసిన గీతవంటి రూలు. ఈ ఫలహారకార్యం తన గది దాటి గేటు వద్దకు తిరిగిపోవాలని ఆమె మనసారా కోరుకొన్నది. ఆ కోరికకూ రూలును పొల్లుపోకుండా పాటించడానికీ నడుమ ఆమెకు విరోధమేమీ కనబడలేదు.

మరునాటి ఉదయం బండి వచ్చింది. దానిని తోసుకొని వచ్చినామెను బడి అంతా వంటత్త అంటుంది. తనకంటే వయస్సులో పెద్దవారైన పెద్ద మాస్టారు సైతం అత్తా అనే పిలుస్తారు. ఆమె గుమ్మం దగ్గర చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని లోపలికి ఎక్కించింది. గదిలో అరటిపండ్ల వాసన వ్యాపించింది. వెచ్చని పాలపై మూతలు చిన్నగా చెమర్చాయి.

టీచరు మొదటి బల్ల వద్ద నిలిచి, మొదటి పిల్లవాణ్ణి అడిగింది.

"నీకు కావాలా?"

ఆ మొదటివాడికి రేడియో అని పేరు. ఆపే మీట ఎక్కడున్నదో వాడి కన్నతల్లికే తెలియదు. అంతటి వాచాలుడికీ ఇంటిలో మర్యాద నేర్పారు: పైవాళ్ళు ఏదైనా పెడితే ఎగబడి తీసుకోరాదు, ముందు వద్దనాలి, రెండు మూడు సార్లు బతిమాలిన తరువాత మాత్రమే చేయి చాచాలి. వాడు ఆ మర్యాదను తప్పలేదు.

"వద్దండి. తినే వచ్చానండి."

అని, రెండోమాట కోసం చేతిని బల్లపై వెల్లకిలా పరచి ఉంచాడు. కొలబద్ద ముందుకు సాగిపోయింది. చేయి పాపం అలాగే ఉండిపోయింది.

రేడియో వద్దన్న తరువాత పక్కనున్న పిల్ల కావాలంటే తిండిపోతు అనిపించుకోదా? ఆమె కూడా తినే వచ్చింది. ఆమె వెనుకవాడు తినడమే గాక వెన్న రాసిన రొట్టె తిని వచ్చాడు. వాడి పక్కవాడి ఇంటిలో వెన్నపై జామ్ కూడా రాశారు. మూడో వరుసలో కేకు కోశారు. నాలుగో వరుసలో కేకు తిన్న తరువాత ఐస్‌క్రీము ఇచ్చారు.

"పొద్దున్నే ఐస్‌క్రీమా?" అన్నది వంటత్త.

"మా మామయ్య వచ్చాడండి," అన్నాడు వాడు తడుముకోకుండా.

ఈ విధంగా విందులు ఒకదానిని మించి ఒకటి పెరుగుతూ చివరి వరుసకు చేరాయి. అక్కడ కిటికీ పక్కన ఒంటరి బల్లలో ఒక పిల్ల కూర్చునేది. జతగాడు వేరే బడికి మారిపోగా పక్క చోటు ఖాళీ. తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో నేల తుడుస్తుంది. ఆమె ఇల్లు చేరే వేళకు ఈ పిల్ల బడికి బయలుదేరిపోతుంది.

"నీకు కావాలా?"

"తినే వచ్చానండి."

"ఏం తిన్నావు?" పూర్తి వాక్యంలో జవాబు రాబట్టడం టీచరుకు అలవాటు, అలవాటుగానే అడిగింది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. ముందువరుసలవారు మంచివన్నీ వాడేసుకొన్నారు.

"అన్నీనండి," అన్నది.

వంటత్త ఉండబట్టలేకపోయింది. "అన్నీ తిన్న మొహమేనా తల్లీ అది? ఇదుగో, ఈ ఒక్క పండూ..."

కొలబద్ద అడ్డంగా వచ్చి పండుకూ పిల్లకూ నడుమ నిలిచింది. "అత్తా. ఒక్కసారే."

"మీరు అడిగినట్టు అడిగితే మా ఇంటాయన కూడా తినడమ్మా. అన్నం పెడుతున్నట్టా, హాజరు వేస్తున్నట్టా?"

అంటూనే బండిని మళ్ళించింది. కిటికీ పిల్ల కళ్ళు బండితోపాటే కదిలాయి. వరుసలు దాటి, నల్లబల్ల దాటి, గుమ్మం దాకా వెళ్ళి, వెనుక చక్రం గడప దిగిన తరువాతనే పుస్తకంపైకి తిరిగివచ్చాయి. టీచరు అది చూసింది. చూసి, తేదీ రాయడానికి సుద్దముక్క అందుకొన్నది.

ఆ తరువాతి రోజుల్లోనూ బండి నిండుగా వచ్చి నిండుగానే వెళ్ళింది. తక్కిన తరగతులలోనూ అదే తంతు. మర్యాద ఒక గది నుంచి ఇంకొక గదికి జలుబులా అంటుకొన్నది. పెద్ద మాస్టారు వరండాలో బండికి ఎదురై మూత ఎత్తి చూసి, నిట్టూర్చి, మళ్ళీ మూత పెట్టేవారు.

"ఒక్కరూ తినలేదా అత్తా?"

"తినడానికి ఖాళీ ఏదండీ? అందరూ రాజుగారింట విందు చేసొస్తున్నారు."

"రేపేగా ఆ కుర్రాడు వచ్చేది."

"రానివ్వండి. ఊళ్ళో ఆకలే లేదని సంతోషిస్తాడు."

నెగ్గింది తానే గనుక కొలబద్ద టీచరుకు సంతోషం కలగవలసిందే. గదిలో ఒక్క చీమ లేదు. బల్లలపై ఒక్క మరక లేదు. ఆ ఉదయం ఆమె డిక్టేషను చెబుతూ వరుసల నడుమ నడుస్తున్నది. కిటికీ పిల్ల పెన్సిలు వెనుక కొసను పంటి కింద పెట్టుకొని కూర్చున్నది. చెక్కపై రంగంతా పోయి, పీచు తేలి, కొస పళ్ళు తోముకొనే పుల్లలా తయారయింది.

"పెన్సిలు కొరుకుతున్నావేం? అది తినే వస్తువా?"

ఆ పిల్ల గభాలున నోటిలోంచి తీసి, తడిసిన కొసను గౌనుకు తుడుచుకొన్నది. ముందుబల్ల నుంచి రేడియో తిరిగి చూశాడు.

"తను అన్నీ తినే వచ్చింది కదండీ. పెన్సిలొక్కటే మిగిలుంటుందండి."

తరగతి గొల్లుమన్నది. టీచరుకూ నవ్వు పెదవుల దాకా వచ్చింది. వచ్చినది అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే కిటికీ పిల్ల కూడా అందరితోపాటు నవ్వుతున్నది; నవ్వుతూనే, ఎంగిలి మింగుతున్నది.

ఆనాటి సాయంకాలం టీచరు ఆడబిడ్డ ఇంటికి వెళ్ళింది. ఈ వదినగారు మిషను కుడుతుంది. కిటికీ తెరలు కుట్టి సిద్ధంగా ఉంచానని కబురు చేసింది. సెలవు పెట్టిన మరో టీచరు తరగతిని కూడా మధ్యాహ్నం తానే చూడవలసి రావడంతో కొలబద్ద టీచరుకు టిఫిను డబ్బా మూత తీసే తీరికే చిక్కలేదు. వదినగారి గుమ్మంలో కాలు పెట్టగానే ఓవెనులోంచి అప్పుడే తీసిన కేకు పరిమళం ఎదురువచ్చి పలకరించింది.

"రా మరదలా. కేకు తింటావా?"

"వద్దు వదినా. తినే బయల్దేరాను."

నోరు ఆ మాటను ఆమె అనుమతి లేకుండానే అన్నది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అంటున్న మాట. దాని తరువాత ఏం జరుగుతుందో కూడా ఆమెకు తెలుసు: అలాగంటే ఎలా, ఒక్క ముక్క, నా మీద ఒట్టు, అని వదిన అంటుంది, సరే నువ్వు బలవంతం చేస్తున్నావు గనుక, అని తాను ప్లేటు అందుకొంటుంది. చేయి అప్పటికే తెరల మూట కింది నుంచి కొద్దిగా బయటికి వచ్చింది.

"సరే అయితే," అని వదినగారు కేకుపై గిన్నె బోర్లించింది. బోర్లించేముందు మాత్రం తనకొక ముక్క కోసుకొన్నది.

టీచరు తెరల అంచులు చూసింది. కుట్టు తిన్నగా ఉన్నదని చెప్పింది. వదినగారు ఒక్కొక్క తునకే చెంచాతో తీసుకొని, కళ్ళు సగం మూసి, తీరికగా నములుతున్నది.

"వెన్న కాస్త ఎక్కువ పడ్డట్టుంది," అన్నది.

"అవునా," అన్నది టీచరు.

"నిన్ను చూడమందామంటే తినే వచ్చావాయె. రెండోసారి అడిగితే బలవంతం కిందికొస్తుందట కదా. మా తమ్ముడు చెప్పాడు. వారం నుంచీ ఇంట్లో ఆ పాఠమే చెబుతున్నావట."

"అది బళ్ళో రూలు వదినా."

"మంచి రూలే. నాకూ నచ్చింది. ఎంత పని తగ్గిందో." మరొక తునక నోటిలోకి వెళ్ళింది.

టీచరు తెరల మూట చంకనెత్తుకొని వీధిన పడింది. మొదటి మలుపు దాకా వదినపై మండిపడింది. రెండో మలుపు దగ్గర, గిన్నె కింది కేకు ఇంకా వెచ్చగానే ఉంటుందన్న తలపు వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. ఇంత ముదురు వయస్సులో కేకు కోసం ఏడుపేమిటని తనను తాను గదమాయించుకొనేసరికి బస్టాపు వచ్చింది. అక్కడ నిలబడి, బస్సు వచ్చి వెళ్ళిపోయినా ఎక్కడం మరచి, ఆమె చాలాసేపు ఎదుటి గోడను చూసింది. గోడ తిన్నగానే ఉన్నది. ఆమెకు కనబడినది గోడ కాదు. బల్లపై వెల్లకిలా పడి ఉన్న ఒక పిల్లవాడి చేయి, గడప దాకా వెళ్ళివచ్చిన రెండు కళ్ళు.

ఇంటికి రాగానే భర్త వార్తాపత్రిక దించి, "అక్క కేకు చేసిందటగా, తిన్నావా?" అన్నాడు.

"తినే వచ్చానండి," అన్నదామె. అని, వంటింటిలోకి వెళ్ళి, అలమర తలుపు చాటున నిలబడి, ఎండిన రొట్టె చప్పుడు కాకుండా నమిలింది.

తెల్లవారి బండి కంటే ముందే పర్యవేక్షకుడు వచ్చాడు. గదిలో అదనపు కుర్చీ లేదు. ఎక్కడైనా సర్దుకొంటానని అతడు నేరుగా చివరి వరుసకు వెళ్ళి, కిటికీ పిల్ల పక్క ఖాళీ చోటులో, మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకు తిప్పుకొని కూర్చున్నాడు. పెద్ద మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డారు. వంటత్త బండి ఎక్కించింది.

కొలబద్ద టీచరు కొలబద్దను బల్ల సొరుగులో పెట్టి మూసింది.

"ఇవాళ నేను అడగను. ప్రతి బల్లలో ఎడమవైపున్నవాళ్ళు ఇంటివాళ్ళు. కుడివైపున్నవాళ్ళు ఆ ఇంటికొచ్చిన చుట్టాలు. ఇంటివాళ్ళు లేచి బండి దగ్గర పళ్ళెం తీసుకోండి. చుట్టాలకి పెట్టండి."

రేడియో చేయెత్తాడు.

"చుట్టం వద్దంటేనండి?"

"చుట్టమన్నాక వద్దనే అంటుంది."

"మరి ఎన్నిసార్లు అడగాలండి?"

"తినేదాకా."

ఆ మాటతో గది గది కాకుండా పోయింది. పెద్దల సంభాషణను అంతకాలం చాటున ఉండి వింటున్న పిల్లల నోళ్ళకు ఒక్కసారిగా సెలవు దొరికినట్లయింది.

"రండి రండి బాబాయిగారూ, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి. గుడ్డు తినండి."

"అబ్బే, ఇప్పుడే అయిందండి."

"అలాగంటే ఎలాగండి? నేను చేత్తో చేశాను."

"గుడ్డు కోడి చేసింది కదండీ."

"నాకు షుగరండి వదినగారూ. డాక్టరు పండు తినొద్దన్నాడు."

"డాక్టర్లు అలాగే అంటారు. సగం తినండి, సగానికి ఏం కాదు."

"మీరు తినకపోతే నేను మీ ఇంటికి జన్మలో రాను."

"వచ్చింది నేనండీ. ఇల్లు మీది."

రేడియో తన చుట్టం నోట రొట్టె కుక్కి, మాట్లాడటానికి వీలులేని ఆ చుట్టానికి తమ ఇంటి సమస్యలన్నీ చెప్పుకొంటున్నాడు. తిన్న చుట్టాలు ఊరుకోలేదు. మీరు తినకుండా మేమెలా తింటామని ఇంటివాళ్ళను కూర్చోబెట్టి తినిపించారు. పాలగ్లాసులు చేతులు మారాయి. వంటత్త బండి వద్ద అందించలేక, కొంగు నడుముకు దోపి, "మెల్లగా నాయనా, మీ ఇళ్ళు కూలిపోతాయి," అంటున్నది.

చివరి బల్లలో ఎడమవైపున్నది కిటికీ పిల్ల. ఆ పిల్ల లేచి వెళ్ళి పళ్ళెం తెచ్చింది. తన చుట్టం ఎదుట పెట్టి, అంచు బల్లకు సరిగా ఉన్నదో లేదో చూసి, కొద్దిగా జరిపింది.

"తినండి."

"లేదమ్మా, తినే వచ్చాను," అన్నాడు పర్యవేక్షకుడు.

ఆ పిల్ల టీచరు వైపు చూసింది. టీచరు కిటికీలోంచి బయటికి చూస్తున్నది.

"ఎప్పుడో తినుంటారు. మళ్ళీ తినండి."

"వద్దమ్మా."

"మా ఇంటికొచ్చి తినకుండా వెళ్తే అమ్మ నన్ను అంటుందండి. అమ్మ డ్యూటీకెళ్ళింది. నేనే చూసుకోవాలి."

అతడు కళ్ళద్దాలు సవరించుకొన్నాడు. "టీచర్, ఇది రూలుకి..."

"రూలు టీచర్లకీ వంటవాళ్ళకీ అన్నారు కదండీ," అన్నది కొలబద్ద టీచరు బయటికి చూస్తూనే. "తను ఇంటావిడ."

ఈలోగా ఇంటావిడ గుడ్డు అందుకొని బల్లకు మెత్తగా తాటించి ఒలవడం మొదలుపెట్టింది. చిన్న వేళ్ళు, తొందర లేని వేళ్ళు. ఒక పెంకుకు తెల్లసొన పలుచగా అంటుకొని ఊడివచ్చింది. ఆ పిల్ల దానిని క్షణకాలం చూసింది. తరువాత గోటితో ఆ పొరను జాగ్రత్తగా తీసి, అది కూడా చుట్టం పళ్ళెంలోనే పెట్టింది.

పర్యవేక్షకుడు గుడ్డు వైపు చూడలేదు. ఆ పొర వైపే చూశాడు.

"నువ్వు తిను," అన్నాడు.

"మీరు తినండి ముందు."

"నువ్వు తింటేనే నేను తింటాను."

"వద్దండి. తినే..."

"సగం. సగం నాకు, సగం నీకు."

"వద్దండి."

"నా కోసం తల్లీ. ఒక్క ముక్క."

గుమ్మం దగ్గరనుంచి పెద్ద మాస్టారు మెల్లగా దగ్గారు. వంటత్త బండిపై మోచేతులు ఆనించి, "ఎన్నోసారి సార్ అది?" అన్నది.

పర్యవేక్షకుడి చెవులు ఎర్రబడ్డాయి. "మీరు ఇంకో పళ్ళెం ఇటు పంపండి అత్తా," అన్నాడు.

కిటికీ పిల్ల మొదట పిట్ట కొరికినంత కొరికింది. ఆ తరువాతి కొరుకుళ్ళను ఎవరూ చూడలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే కొలబద్ద టీచరు, "అందరూ ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకోండి," అని గట్టిగా అన్నది. తాను కూడా నల్లబల్ల వైపు తిరిగి, ఏమీ రాసిలేని బల్లను శుభ్రంగా తుడిచింది.

వెళ్ళేటప్పుడు పర్యవేక్షకుడి మీసంపై పాలగీత ఉన్నది. ఎవరూ చెప్పలేదు.

"ఆ రూలు నేనే రాశాను టీచర్. అందులో ఒక మాట కలపాలి."

"ఏ మాటండి?"

"వాళ్ళలో వాళ్ళు ఎన్నిసార్లయినా అడగొచ్చని."

"మరి గేటు గది?" అన్నారు పెద్ద మాస్టారు.

"తాళం వేసేయండి," అని అతడు పక్క తరగతికి వెళ్ళాడు. పెద్ద మాస్టారూ వెంట నడిచారు.

బండిపై ఒక్క పళ్ళెం మిగిలింది. కిటికీ పిల్ల దానిని రెండు చేతులా పట్టుకొని, వరుసల నడుమ నడిచివచ్చి టీచరు ముందు నిలిచింది.

"తింటారా టీచర్?"

ఆ మాట అలవాటు చొప్పున టీచరు నాలుక కొసకు వచ్చి నిలిచింది. వద్దంటే ఈ పిల్ల మళ్ళీ అడుగుతుంది; అడిగి అడిగి పెడుతుంది. కాని పళ్ళెం బరువుకు ఆ సన్నని మణికట్లు చిన్నగా వణుకుతున్నాయి. రెండోసారి అడిగించుకోవడం కోసం వాటినలా నిలబెట్టి ఉంచడం ఎందుకు?

"తింటానమ్మా," అన్నది. ఆపై, ఇంతవరకు ఏ ఇంటిలోనూ ఎవరి ముందూ అనని మాట ఒకటి, పూర్తి వాక్యంలో అన్నది. "పొద్దున్నుంచీ నేను ఏమీ తినలేదు. ఆకలిగా ఉంది."

తరగతి నోరు తెరిచింది. పెద్దవాళ్ళకు ఆకలి వేస్తుందనీ, వేస్తే చెప్పుకోవచ్చుననీ వారికి తెలియదు. రేడియో లేచి నిలబడ్డాడు.

"నేను కూడా తిని రాలేదండి. నిన్న కూడా రాలేదండి."

"నేనూ అండి," అన్నది వాడి పక్క పిల్ల.

"నేను మొన్నటినుంచీ తినలేదండి," అన్నాడు వెన్నరొట్టెవాడు.

"నేను పుట్టాక ఇప్పుడే తింటున్నానండి," అన్నాడు ఐస్‌క్రీమువాడు. "మామయ్య కూడా రాలేదండి."

టీచరు తన బల్ల వద్దనే కూర్చుని అందరి ఎదుట రొట్టె తుంచుకొన్నది. చివరి వరుసకు తిరిగివెళ్ళి కూర్చున్న కిటికీ పిల్ల, గోల కాస్త అణగేదాకా ఆగి, ఎవరితోనూ పోటీ పడని గొంతుతో, "నేనూ అండి," అన్నది.

ఈ ముచ్చట చెప్పినవారి ఇంటా విన్నవారి ఇంటా పొయ్యి చల్లారకుండుగాక. వేళకు ఆకలీ, ఆకలికి అన్నమూ, అన్నం ఎదుట అవునని అనగలిగే ధైర్యమూ ఆ తల్లి అందరికీ అనుగ్రహించుగాక. స్వస్తి.